హెచ్ఐవి మందులు మొదలుపెడుతున్నారా? మొదటి మాత్రకు ముందే రెసిస్టెన్స్ సంగతి ఇలా చూసుకోండి

పాజిటివ్ అని తెలిసిన వారం పది రోజుల్లో మనిషికి ఏం చెప్పినా తలకెక్కదు. గంటసేపు కూర్చోబెట్టి చెప్పినా గది దాటేసరికి ఒకటో రెండో మాటలు మిగులుతాయి, మిగతాదంతా టెన్షన్‌లో కొట్టుకుపోతుంది. కౌన్సెలర్‌గా ఏళ్ల తరబడి బల్లకు ఇవతల కూర్చుని ఇదే చూస్తున్నాను. అందుకే గుర్తుండాల్సిన మాటలేవో ముందే చెప్పేస్తాను. మీ ఒళ్లు ఇంతకుముందు ఎప్పుడైనా, ఎన్ని రోజులైనా సరే, ఏదైనా హెచ్ఐవి మందు చూసి ఉంటే ఆ సంగతి డాక్టరుకు దాచకండి. రెసిస్టెన్స్ టెస్ట్ (మీ వైరస్ ఏ మందుకు లొంగదో చెప్పే రక్త పరీక్ష) దొరికే చోట ఉంటే మొదటి మాత్రకు ముందే రక్తం ఇవ్వండి. ఇచ్చేశాక రిపోర్టు కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా మందు మొదలుపెట్టండి. ఇక్కడితో చదవడం ఆపేసినా మీకు కావలసింది చాలావరకు అందినట్టే. ఓపిక ఉంటే కింద ఎందుకో, ఎలాగో చెబుతాను.

మాత్రే వేసుకోలేదు, రెసిస్టెన్స్ ఎక్కడిది?

అందరూ అడిగే ప్రశ్నే ఇది. ముందు ఒక అపోహ తీసేద్దాం. మందుకు అలవాటు పడిపోయేది మీ ఒళ్లు కాదు, వైరస్. "నా బాడీకి ఈ మందు పడదేమో" అని చాలామంది అంటుంటారు, అది సైడ్ ఎఫెక్ట్స్ గురించిన మాట, దీనికీ దానికీ సంబంధం లేదు. రెసిస్టెన్స్ అంటే మీ ఒంట్లో ఉన్న వైరస్ ఫలానా మందుకు లొంగడం లేదని.

హెచ్ఐవి జన్యువు చాలా చిన్నది, సుమారు 9,700 అక్షరాలు, అంతే. తనను తాను కాపీ చేసుకునేటప్పుడు పడిన తప్పుల్ని అది దిద్దుకోదు. మందులు వాడని మనిషి ఒంట్లో రోజుకు 1,000 కోట్ల దాకా కొత్త వైరస్ కణాలు పుడతాయి కాబట్టి, అంత వేగంగా సాగే రాతలో ప్రతి అక్షరం దగ్గరా ఎక్కడో ఒక కణంలో తప్పు పడుతూనే ఉంటుంది. చాలా తప్పులు వైరస్‌కే చేటు చేస్తాయి, ఆ కణం అక్కడితో ఆగిపోతుంది. ఎప్పుడో ఒక తప్పు మాత్రం మందు వచ్చి అతుక్కునే చోటు ఆకారాన్ని కాస్త మారుస్తుంది. అప్పుడు మీరు ఆ ఒక్క మందే వాడుతుంటే మామూలు వైరస్ అణిగిపోతుంది, మారిన వైరస్‌కు అడ్డే ఉండదు, కొన్నాళ్లకు ఒళ్లంతా అదే పాకుతుంది.

ఇది లెక్కల్లో చెప్పిన భయం కాదు, నిజంగా జరిగింది. మొదటి హెచ్ఐవి మందు జిడోవుడిన్ 1987లో వచ్చింది, దాన్ని ఒంటరిగా వాడిన వాళ్లలో లొంగని వైరస్ కనిపించిందని 1989లోనే తేలింది. 1996 నుంచి మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలయ్యాకే పరిస్థితి తిరగబడింది, ఎందుకంటే ఒకే కణంలో మూడు మందుల్నీ తప్పించుకునే మార్పులన్నీ ఒకేసారి కుదరడం దాదాపు అసాధ్యం.

ఇక మాత్రే వేసుకోని మీ దగ్గరికి అలాంటి వైరస్ ఎలా వస్తుందంటే రెండు దారులు. మొదటిది, మీకు ఎవరి నుంచి సోకిందో వాళ్ల వైరస్సే అప్పటికే మారి ఉండడం. వాళ్లకూ తెలిసి ఉండకపోవచ్చు. రెండోది, మీరే గతంలో ఎప్పుడో హెచ్ఐవి మందు కొన్నాళ్లు వాడి ఉండడం, చికిత్సగా కావచ్చు, సోకకుండా ముందు జాగ్రత్తగా కావచ్చు, పుట్టినప్పుడు అమ్మ నుంచి రాకుండా నోట్లో పోసిన సిరప్ కావచ్చు. మొదటి దారిలో మీ చేతుల్లో ఉన్నది ఏమీ లేదు. రెండో దారిలో మీరు చెప్పే మాటే సగం టెస్టు.

డాక్టరు ముందు ఏమేం చెప్పాలి

దీనిమీద ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఒకాయన మా దగ్గరికి వచ్చి కొత్తగా పాజిటివ్ వచ్చిందన్నాడు. ఫారంలో "ఇంతకుముందు మందులు వాడారా" అన్న చోట లేదని రాయించాడు. మూడోసారి వచ్చినప్పుడు, గదిలో ఇంకెవరూ లేరని చూసుకుని, చొక్కా జేబులోంచి మడతపెట్టిన చిన్న కాగితం తీసి బల్లమీద పెట్టాడు. విప్పి చూస్తే అది మందు డబ్బా మీది లేబుల్. గోళ్లతో గీకి తీసినట్టుంది, అంచులు చిరిగాయి, జిగురు నల్లబడింది, అచ్చు సగం చెరిగిపోయింది, ఐనా "ఎఫావి" అన్నంత వరకు చదవగలిగాం, అంటే ఎఫావిరెంజ్ అనే పాత హెచ్ఐవి మందు. నాలుగేళ్ల కిందట వేరే ఊళ్లో ఏడాది వాడి మానేశాడట. మానేసినందుకు తిడతారని, మళ్లీ మందులు ఇవ్వరేమోనని భయపడ్డాడు. ఆ చిన్న ముక్క డాక్టరు ఆలోచనను మొత్తం మార్చేసింది. రెసిస్టెన్స్ టెస్టుకు పంపారు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) తొందరగా చూడాలని రాశారు. ఆ లేబుల్‌ను ఆయన ఫైల్‌లోనే పిన్ను కొట్టి ఉంచాం.

మానేసి మళ్లీ వచ్చిన మనిషిని చూసి మొహం చిట్లించే వాళ్లు ఉంటారు, కాదనను. వాళ్లది తప్పు, మీది కాదు. కానీ వాళ్ల మొహం చూసి మీరు నిజం మింగేస్తే నష్టపోయేది మీ ఒళ్లు. గతంలో హెచ్ఐవి మందులు వాడిన చరిత్ర ఉన్నవాళ్లలో, అసలు వాడని వాళ్లతో పోలిస్తే, ఎఫావిరెంజ్ తరహా మందులకు లొంగని వైరస్ మూడు రెట్ల దాకా ఎక్కువగా కనిపించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కాబట్టి ఇంట్లో కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. పేర్లు గుర్తులేకపోతే మాత్ర రంగు, ఆకారం, రోజుకు ఎన్ని, రాత్రి వేసుకునేదా, వేసుకున్నాక పిచ్చి కలలు, తల తిరగడం ఉండేదా (ఎఫావిరెంజ్‌కు అది పెద్ద ఆనవాలు), ఏ ఏడాది, సుమారు ఎన్ని నెలలు, ఎందుకు ఆగింది. డబ్బా, చీటీ, ఫోన్‌లో పాత ఫోటో, ఏది దొరికినా తీసుకెళ్లండి.

హెచ్ఐవి చికిత్స కాకపోయినా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, ఇవి ఎవరూ తమంతట తాము చెప్పరు, ఎందుకంటే అవి లెక్కలోకి వస్తాయని తెలియదు.

సోకకుండా ముందుగా వాడే ప్రెప్ మాత్రలు. వీటిలో టెనోఫోవిర్‌తో పాటు ఎంట్రిసిటబిన్ ఉంటుంది. ప్రెప్ సరిగ్గా వాడితే వైరస్ సోకడమే చాలా అరుదు, భయపడాల్సింది దాని గురించి కాదు. అప్పటికే సోకి, టెస్టులో ఇంకా బయటపడని రోజుల్లో ప్రెప్ మొదలైతే చిక్కు, ఎందుకంటే నిండు చికిత్సకు చాలని రెండు మందులే వైరస్ మీద పనిచేస్తుంటాయి, దానికి నేర్చుకునే టైం దొరుకుతుంది. కాబోటెగ్రవిర్ ఇంజక్షన్ ప్రెప్ తీసుకున్నవాళ్లు మరీ తప్పకుండా చెప్పాలి. ఆఖరి ఇంజక్షన్ తర్వాత కూడా ఆ మందు కొద్దికొద్దిగా ఏడాది దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం ఒంట్లో ఉంటుంది, అది ఇప్పుడు అందరికీ ఇచ్చే డోలుటెగ్రవిర్ జాతిదే. ఆరు నెలలకోసారి వేసే లెనకాపవిర్ ఇంజక్షన్ సంగతి వేరు, దానికి వచ్చే మార్పులు డోలుటెగ్రవిర్‌ను దెబ్బతీయవు, ఐనా చెప్పండి.

ప్రమాదం జరిగాక 28 రోజులు వాడే పెప్ కోర్సు. పూర్తిచేశారా, మధ్యలో ఆపేశారా అన్నది కూడా.

హెపటైటిస్ బి మందులు. ఇది విని చాలామంది ఆశ్చర్యపోతారు. లామివుడిన్, టెనోఫోవిర్ రెండు జబ్బులకూ పనిచేస్తాయి. ఎంటెకావిర్ హెపటైటిస్ బి మందే అయినా హెచ్ఐవి మీద కొంచెం ప్రభావం చూపుతుంది, ఆ కొంచెమే చాలు, లామివుడిన్‌కు లొంగని వైరస్ తయారవడానికి. లివర్ డాక్టరు దగ్గర ఏం వాడారో ఆ చీటీ కూడా పట్టుకెళ్లండి.

ఇంట్లో ఇంకొకరి మాత్రలు పంచుకుని వాడడం. భార్యాభర్తల్లో ఒకరికి మందులు వస్తుంటే ఇంకొకరు టెస్టుకు వెళ్లడానికి సిగ్గుపడి అందులోంచే రోజుకొకటి తీసుకోవడం నేను చూశాను. ఇద్దరికీ సగం సగం డోసు, ఇద్దరి వైరస్‌కూ బడి పెట్టినట్టు అవుతుంది. అలా చేసి ఉంటే చెప్పేయండి. అలాగే మీ భాగస్వామి ఏ మందులు వాడుతున్నారు, వాళ్ల వైరల్ లోడ్ ఎంత అన్నది తెలిస్తే అదీ చెప్పండి, ఎందుకంటే వాళ్ల నుంచి మీకు సోకి ఉంటే వాళ్ల చరిత్రే మీ వైరస్ చరిత్ర.

గర్భంతో ఉన్నప్పుడు వాడినవి మహిళలు తప్పకుండా చెప్పాలి. ఒకప్పుడు కాన్పు సమయంలో ఒకే ఒక్క నెవిరాపిన్ మాత్ర ఇచ్చేవాళ్లు, బిడ్డలకు చాలా మేలు చేసింది, కానీ ఆ ఒక్క మాత్రకే తల్లుల వైరస్‌లో మార్పు వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. పాత తరం మందులకు మొదట్లోనే లొంగని వైరస్ మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించడానికి ఇలాంటి పాత వాడకం ఒక కారణం కావచ్చు.

టెస్టు ఎలా చేస్తారు, ఏం అడగాలి

దీన్ని జీనోటైప్ టెస్ట్ అంటారు. మామూలు రక్తం తీసుకుని, అందులోని వైరస్ జన్యువును చదివి, ఏయే చోట్ల అక్షరాలు మారాయో చూస్తారు. చదవడానికి తగినంత వైరస్ ఉండాలి కాబట్టి వైరల్ లోడ్ మిల్లీలీటరుకు కనీసం 500 నుంచి 1,000 కాపీలు ఉంటేనే సాధారణంగా కుదురుతుంది. మందులు మొదలుపెట్టకముందు అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది. మొదలుపెట్టాక కొన్ని వారాల్లోనే వైరస్ పడిపోయి చదవడానికి ఏమీ మిగలదు. మొదటి మాత్రకు ముందే రక్తం ఇవ్వమని అంత పట్టుపట్టడం అందుకే.

ల్యాబ్‌కు రాసేటప్పుడు ఒక్క మాట అడగండి, "ఇంటిగ్రేజ్ కూడా చూస్తారా?" అని. చాలా చోట్ల మామూలు టెస్టు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, ప్రొటియేజ్ అనే రెండు వైరస్ భాగాలే చదువుతుంది. డోలుటెగ్రవిర్, కాబోటెగ్రవిర్ పనిచేసేది ఇంటిగ్రేజ్ అనే మూడో భాగం మీద, దాన్ని విడిగా అడిగితే తప్ప చూడరు. అందరికీ మొదట్లో అది అవసరం లేదు. కాబోటెగ్రవిర్ ఇంజక్షన్ వాడినవాళ్లకు, డోలుటెగ్రవిర్ వాడుతూ వైరల్ లోడ్ తగ్గని భాగస్వామి ఉన్నవాళ్లకు అవసరం.

రిపోర్టు వచ్చాక చూస్తే ఏదో కోడ్ భాషలా ఉంటుంది, దాన్ని చూసి హడలిపోకండి. ఉదాహరణకు కె103ఎన్ అని ఉందనుకోండి. 103 అంటే వైరస్ ప్రొటీన్‌లో నూట మూడో గడి. మొదటి అక్షరం అక్కడ మామూలుగా ఉండాల్సింది, చివరి అక్షరం ఇప్పుడు ఉన్నది. అంటే 103వ గడిలో లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ఆస్పరజిన్ అనే ఇంకోటి వచ్చి కూర్చుంది. అంత చిన్న మార్పుకే ఎఫావిరెంజ్, నెవిరాపిన్ రెండూ పనికిరాకుండా పోతాయి. ఎం184వి ఉంటే లామివుడిన్, ఎంట్రిసిటబిన్‌కు దెబ్బ. కె65ఆర్ ఉంటే టెనోఫోవిర్‌కు. పక్కన మందుల వారీగా ఐదు మెట్లలో తీర్పు ఉంటుంది, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల డేటాబేస్ పద్ధతిని చాలా ల్యాబ్‌లు పాటిస్తాయి: ససెప్టిబుల్ అంటే బాగా పనిచేస్తుంది, అక్కడి నుంచి మెట్టు మెట్టుకీ పెరుగుతూ హై లెవెల్ రెసిస్టెన్స్ దాకా. మధ్య మెట్లు చూసి మీరే తేల్చుకోవద్దు, మూడు మందులు కలిసినప్పుడు లెక్క వేరుగా ఉంటుంది.

"ఏ మార్పూ లేదు" అని వస్తే సంతోషించండి, కానీ పాత చరిత్ర ఉన్నవాళ్లు అక్కడితో నిశ్చింతగా ఉండలేరు. మామూలు పద్ధతిలో చేసే టెస్టు, మొత్తం వైరస్‌లో 15 నుంచి 20 శాతం ఉన్న రకాన్నే పట్టుకోగలదు, అంతకంటే తక్కువ ఉంటే కనబడదు. మందు మానేస్తే ఎం184వి లాంటి మార్పు ఉన్న వైరస్ కాస్త బలహీనమైనది కాబట్టి కొన్ని నెలల్లో మామూలు వైరస్ చాటుకు పోయి నక్కుతుంది. పోయిందనుకోకండి, కణాల్లో దాక్కుని ఉంటుంది, అదే మందు మళ్లీ మొదలైతే పైకి వస్తుంది. కె103ఎన్ దీనికి భిన్నం, దానివల్ల వైరస్‌కు పెద్దగా బలం తగ్గదు, అందుకే ఏళ్ల తరబడి కంటికి కనబడుతూనే ఉంటుంది. టెస్టు ఉన్నా లేకున్నా మీ కాగితం మీది చరిత్ర విలువ తగ్గదని నేను అనేది ఇందుకే.

టెస్టు దొరకని చోట ఉంటే

చాలామంది పరిస్థితి ఇదే, దీని గురించి దిగులు పడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో ప్రతి ఒక్కరికీ మొదట జీనోటైప్ చేయాలన్న నియమం లేదు. అది 2017లో ఒక గీత గీసింది: ఒక దేశంలో కొత్తగా చికిత్సకు వచ్చేవాళ్లలో ఎఫావిరెంజ్, నెవిరాపిన్‌లకు లొంగని వైరస్ 10 శాతానికి చేరితే అందరికీ ఆ మందులతో మొదలుపెట్టడం ఆపాలి. 2021 నివేదిక నాటికి సర్వే చేసిన 30 దేశాల్లో 21 ఆ గీత దాటాయి. ఈలోపు 2019లోనే డోలుటెగ్రవిర్‌ను మొదటి ఎంపికగా పెట్టేశారు. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చే ఒక్క మాత్రలో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రవిర్ 50 మిల్లీగ్రాములు ఉంటాయి. కె103ఎన్ ఉన్న వైరస్ కూడా దీనికి లొంగుతుంది, ఎందుకంటే ఆ మార్పుకూ డోలుటెగ్రవిర్ పనిచేసే చోటుకూ సంబంధమే లేదు. పైగా దీన్ని తప్పించుకోవడం వైరస్‌కు చాలా కష్టం.

కష్టం అన్నాను, అసాధ్యం అనలేదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదికలో, డోలుటెగ్రవిర్ వాడుతున్నా వైరస్ అణగని వాళ్లలో 3.9 నుంచి 8.6 శాతం దాకా రెసిస్టెన్స్ కనిపించింది. పాత మందులు వాడుతూ, వైరల్ లోడ్ ఎక్కువగా ఉన్నప్పుడే దీనికి మారినవాళ్లలో 19.6 శాతం దాకా వెళ్లింది. ఈ అంకెలు మందు వాడే అందరివీ కావు, వైరస్ అణగని వాళ్లవి మాత్రమే, దయచేసి తప్పుగా ప్రచారం చేయకండి. వీటినుంచి మీరు తీసుకోవాల్సింది ఒకటే: ఈ మందు గట్టిది కదా అని నాలుగు రోజులు వేసి రెండు రోజులు మానే అలవాటు వద్దు.

మందు మొదలుపెట్టడం

రక్తం ఇచ్చాక ఆగకండి. రిపోర్టుకు వారాలు పట్టొచ్చు, అన్నాళ్లు వైరస్‌ను వదిలేయడం వల్ల లాభం లేదు. సిద్ధంగా ఉన్నవాళ్లు అదే రోజు కూడా మొదలుపెట్టవచ్చు, తేలిన ఏడు రోజుల్లోపు మొదలవ్వాలన్నది సలహా. రిపోర్టు వచ్చాక అవసరమైతే మందు మార్చుకోవచ్చు. ఆగాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి, మెదడు పొరలకు టీబీ కానీ క్రిప్టోకాకస్ అనే ఫంగస్ ఇన్ఫెక్షన్ కానీ ఉంటే డాక్టరు కొన్ని వారాలు ఆపుతారు. తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, జ్వరం ఉంటే ముందే చెప్పండి. కాబోటెగ్రవిర్ చరిత్ర ఉన్నవాళ్లకు ఇంటిగ్రేజ్ రిపోర్టు వచ్చేదాకా డారునవిర్ లాంటి వేరే జాతి మందుతో నడిపించవచ్చు.

రెండే మందులున్న డోలుటెగ్రవిర్-లామివుడిన్ మాత్ర ఇస్తామంటే మూడు సంగతులు అడగండి: నా రెసిస్టెన్స్ రిపోర్టు వచ్చిందా, హెపటైటిస్ బి లేదని తేలిందా, వైరల్ లోడ్ 5 లక్షల లోపు ఉందా. మూడింటిలో ఏ ఒక్కటి తేలకపోయినా ఆ మాత్రతో మొదలుపెట్టడం మంచిది కాదు.

వేసుకోవడం తేలికే. రోజూ ఒకటి, తిన్నాకైనా తినకముందైనా. నిద్ర పట్టకపోతే ఉదయానికి మార్చుకోండి. మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, తర్వాతి డోసుకు నాలుగు గంటల లోపే ఉంటే మాత్రం పోయినదాన్ని వదిలేయండి. రెండు కలిపి మింగకండి.

అసలు చిక్కు వేరే మందులతో వస్తుంది. రోజూ తప్పకుండా వేసుకుంటున్నా లోడ్ తగ్గడం లేదని ఏడ్చిన ఒకావిడ సంచి బల్లమీద కుమ్మరిస్తే మందు డబ్బా పక్కనే గ్యాస్ మాత్రల షీటు ఒకటి బయటపడింది, రెండూ పొద్దున్నే ఒకే గుక్కలో మింగుతోంది. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లు డోలుటెగ్రవిర్‌ను పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవు. అందుకే డోలుటెగ్రవిర్ ముందు వేసుకుని రెండు గంటలు ఆగి యాంటాసిడ్ తీసుకోవాలి, లేదా యాంటాసిడ్ తీసుకున్న ఆరు గంటల తర్వాత డోలుటెగ్రవిర్ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ ఇదే లెక్క, కాకపోతే వాటిని భోజనంతో పాటైతే కలిపి వేసుకోవచ్చు. గర్భిణులకు ఐరన్, కాల్షియం రెండూ ఇస్తారు కాబట్టి వాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రవిర్ రోజుకు ఒకటి చాలదు, 12 గంటల తేడాతో ఇంకో 50 మిల్లీగ్రాములు కలపాలి. మూర్ఛకు కార్బమజెపిన్, ఫినిటోయిన్, ఫినోబార్బిటాల్ వాడుతుంటే డోసు మార్చాలి, లేదా మూర్ఛ మందే మార్చాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ల డోసు కూడా ఒకసారి చూడాలి, ఇది రెసిస్టెన్స్ కోసం కాదు, ఆ మందు ఒంట్లో పెరిగిపోతుంది కాబట్టి. ఏం కలిసి ఉంటాయో తెలియని పొడులు, కషాయాలు ఎవరు ఇచ్చినా, ఎంత నమ్మకంగా చెప్పినా, డాక్టరుకు చూపించకుండా వద్దు.

మందులు అయిపోవస్తుంటే రోజు విడిచి రోజు వేసుకుంటూ సాగదీయకండి. అయిపోకముందే వెళ్లండి, దూరం వెళ్లాల్సి వస్తే అదనంగా అడగండి, ఎక్కడున్నా దగ్గర్లో మందులిచ్చే చోటికి ఫైల్ పట్టుకుని వెళ్లండి. ఎఫావిరెంజ్ కలిసిన పాత కాంబినేషన్ ఇంకా వాడుతున్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఒకేరోజు అన్నీ ఆపేసినా మిగతా రెండు మందులు ముందు ఒంట్లోంచి పోతాయి, ఎఫావిరెంజ్ ఒక్కటే రోజుల తరబడి, కొందరిలో వారాల తరబడి మిగులుతుంది. ఆ రోజుల్లో మీరు ఒంటరి మందు వాడుతున్నట్టే లెక్క. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లు ఈ మాత్రలు హఠాత్తుగా ఆపితే లివర్ ఒక్కసారిగా దెబ్బతినవచ్చు.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

వైరల్ లోడ్‌తోనే. బరువు పెరిగింది, ఆకలి వేస్తోంది, సీడీ4 (రోగంతో పోరాడే కణాల లెక్క) పెరిగింది, ఇవన్నీ మంచివే కానీ రెసిస్టెన్స్‌ను ముందుగా పట్టిచ్చేది వైరల్ లోడ్ ఒక్కటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరో నెల, పన్నెండో నెల, ఆ తర్వాత ఏడాదికోసారి. పాత చరిత్ర ఉన్నవాళ్లు, మొదట్లో టెస్టు దొరకని వాళ్లు ఇంకా ముందే చేయగలరా అని అడగండి. డోలుటెగ్రవిర్‌తో చాలామందిలో ఒకటి రెండు నెలల్లోనే బాగా పడిపోతుంది కాబట్టి, ముందే చూస్తే ముందే తెలుస్తుంది. వాళ్లే రాస్తారులే అని ఊరుకోకండి, తేదీ మీరే గుర్తుపెట్టుకుని అడగండి.

లోడ్ 1,000 పైన వస్తే వెంటనే రెసిస్టెన్స్ అని తేల్చేయకూడదు. ఎక్కువసార్లు కారణం మాత్రలు తప్పడమో, పైన చెప్పిన యాంటాసిడ్ లాంటిదో అవుతుంది. కౌన్సెలర్‌తో కూర్చుని నిజం మాట్లాడండి, ఎన్ని తప్పాయి, ఎందుకు తప్పాయి. ఇంట్లో ఎవరికీ తెలియకుండా మాత్ర వేసుకోవాల్సి వచ్చేవాళ్లకు అది రోజూ నరకమే, దానికి దారి కలిసి వెతకాలి. మూడు నెలలు సరిగ్గా వేసుకుని మళ్లీ చూడాలి. అప్పటికీ తగ్గకపోతే జీనోటైప్ అడగండి, ఈసారి ఇంటిగ్రేజ్‌తో సహా. ఆ రక్తం మందు వాడుతుండగానే ఇవ్వాలి, ఆపినా నాలుగు వారాల లోపే. మందు లేకపోతే మారిన వైరస్ వెనక్కి నక్కుతుందని చెప్పాను కదా, "పనిచేయడం లేదు కదా" అని మానేసి వెళితే టెస్టుకు దొరకదు.

రెసిస్టెన్స్ ఉందని తేలినా దారులు మూసుకుపోవు. టెనోఫోవిర్, లామివుడిన్‌లకు మార్పులున్న వైరస్ మీద కూడా డోలుటెగ్రవిర్ ఉన్న కాంబినేషన్ చాలామందిలో బాగా పనిచేస్తుందని ఆఫ్రికాలో జరిగిన నాడియా అనే ట్రయల్ చూపించింది. డారునవిర్ ఉంది. కొత్త జాతి మందు లెనకాపవిర్ ఉంది. లోడ్ కనబడనంతగా తగ్గి అలాగే ఉంటే, మీ వైరస్‌లో ఏ మార్పు ఉన్నా, శృంగారం ద్వారా భాగస్వామికి సోకదు. తగ్గేదాకా మాత్రం కండోమ్ వదలకండి, ఎందుకంటే సోకితే వాళ్లకు వెళ్లేది ఆ మారిన వైరస్సే.

పిల్లల గురించి

పసిబిడ్డల్లో ఈ సమస్య పెద్దవాళ్ల కంటే చాలా ఎక్కువ. సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా దేశాల్లో జరిగిన సర్వేల్లో, కొత్తగా పాజిటివ్ తేలిన పసివాళ్లలో దాదాపు సగం మందికి నెవిరాపిన్ జాతి మందులకు లొంగని వైరస్ ఉంది. సోకకుండా బిడ్డకు పోసిన సిరప్, పాలలో వచ్చిన అమ్మ మందులు, అమ్మ దగ్గరి వైరస్, ఇవన్నీ కారణాలే. దీనికి అమ్మను తప్పుపట్టడానికి వీల్లేదు, ఆ మందులే ఎంతోమంది పిల్లల్ని కాపాడాయి. నాలుగు వారాలు నిండి మూడు కిలోలు దాటిన బిడ్డకు నీళ్లలో కరిగే 10 మిల్లీగ్రాముల డోలుటెగ్రవిర్ మాత్రలు ఉన్నాయి, మీ దగ్గర దొరుకుతాయేమో అడగండి. బిడ్డ బరువు పెరిగిన కొద్దీ డోసు పెరగాలి, ప్రతిసారీ తూకం వేయించాకే మందు తీసుకోండి. పాత డోసులోనే ఆగిపోతే అదీ చాలీచాలని మందే.

ఫైల్

జీనోటైప్ రిపోర్టుకు కాలం చెల్లడం అంటూ ఉండదు. పదేళ్ల కిందట కనబడిన మార్పు ఇవాళ్టి టెస్టులో కనబడకపోయినా ఉన్నట్టే లెక్క. అందుకని ప్రతి రిపోర్టుకూ వెలుతురులో, నాలుగు అంచులూ పడేలా ఫోటో తీసి, మీరు నమ్మే ఇంకొక మనిషి దగ్గర కూడా ఒకటి ఉంచండి. మందు మారినప్పుడల్లా డబ్బా లేబుల్ ఫోటో, మొదలైన తేదీ, ఆగిన తేదీ, ఆగడానికి కారణం. వైరల్ లోడ్ అంకెలు తేదీలతో వరసగా ఒకే పేజీలో. కొత్త చోటికి మారినప్పుడు బల్ల మీద ముందు ఆ పేజీ పెట్టి, తర్వాత మాట మొదలుపెట్టండి.